డిగ్రీ చదివిన మన బిడ్డ ఏం కావాలనుకుంటోంది?

(ముస్లిం విద్యార్థినులు, వారి తల్లిదండ్రుల కోసం గుంటూరులో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్నత విద్య అభ్యసిస్తున్న మన ఆడపిల్లలు తమ వృత్తిని ఎలా ఎంచుకుంటున్నారు అన్నది నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం. ఇటువంటి సభల్లో సాధారణంగా పెద్దలు మాట్లాడతారు, పిల్లలు వింటారు. ఏ కోర్సు మంచిది, ఏ ఉద్యోగం భద్రమైనది, ఏ వయసుకు ఏది జరిగిపోవాలి అన్నవి పెద్దలు చెబుతారు. ఈరోజు మేము ఆ వరుసను కొంచెం మార్చదలచాము. పిల్లల మనసులో ఏముందో మాకు తెలిసినంతవరకు ముందు చెప్పి, ఆ తరువాత మన కర్తవ్యం ఏమిటో విన్నవించుకుంటాము.

ఉద్యోగ విరమణ తరువాత మేము కొందరం కలిసి ఆదివారం పూట విద్యార్థులకు దరఖాస్తులు నింపిపెట్టే పని చేస్తున్నాము. ఉపకార వేతనాలు, కుల ధ్రువపత్రాలు, ప్రవేశ పరీక్షలు, ఉద్యోగ ప్రకటనలు, అన్నీ వస్తాయి. వచ్చేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. కాగితాలు సరిచూస్తూ "ఏం కావాలనుకుంటున్నావు తల్లీ?" అని అడగడం మాకు అలవాటు. తండ్రిగానీ అన్నగానీ పక్కన కూర్చుని ఉన్నప్పుడు వచ్చే జవాబు ఒకటి. వారు జిరాక్స్ తీయించుకు రావడానికి బయటకు వెళ్ళినప్పుడు అదే అమ్మాయి చెప్పే జవాబు మరొకటి. మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "బి.ఎడ్. చేసి టీచర్ అవుతానండీ." రెండవ జవాబు మాత్రం ఎవరిది వారిదే. ఒక బిడ్డ లా చదవాలంటుంది. ఒక బిడ్డ ఎస్సై పరీక్షకు ఎత్తు ఎంత ఉండాలని అడుగుతుంది. బి.కాం. చదివే బిడ్డ చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటుంది. ఎమ్మెస్సీ చదివే బిడ్డ పరిశోధన చేయాలని ఉంది కానీ ఇంట్లో ఇంకా చెప్పలేదంటుంది.

ఉపాధ్యాయ వృత్తి ఎంతో గౌరవప్రదమైనది. దానిని మనసారా కోరుకునే పిల్లలు ఉన్నారు, వారికి మన దుఆలు ఉండాలి. మా బాధ దాని గురించి కాదు. "నీకు ఏది ఇష్టం?" అన్న ప్రశ్నకు మన బిడ్డలు చాలామంది జవాబు చెప్పడం లేదు. "ఇంట్లో దేనికి ఒప్పుకుంటారు?" అన్న ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, తోటివారిలో స్త్రీలు ఉంటారు, పెళ్ళి అయిన ఊళ్ళో కూడా దొరుకుతుంది, కాబట్టి టీచర్ ఉద్యోగం. ఇది మన ఆడపిల్లలకు ఆశయాలు లేకపోవడం కాదు. ఆశయాన్ని అనుమతికి సరిపడేంతగా కత్తిరించుకోవడం. ఈ కత్తిరింపు ఇంటర్మీడియట్ నాటికే మొదలవుతుంది. డిగ్రీ పూర్తయ్యేసరికి ఏది కత్తిరించుకున్నారో వారికే గుర్తుండదు.

ఇది ఎంతమంది బిడ్డల సంగతో చూడండి. 2021-22 సంవత్సరపు అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. వారిలో సగం మంది ఆడపిల్లలే. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు మన సమాజపు చదువుల వెనుకబాటును చూసి మనమంతా తల దించుకున్నాము. ఆ తరువాత ఆడపిల్లలు మెట్టు మెట్టుగా పైకి వచ్చారు. మన తెలుగు ప్రాంతాల్లో దీనికి స్పష్టమైన కారణాలు ఉన్నాయి. బోధన రుసుముల రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజికంగా వెనుకబడిన ముస్లిం తరగతులకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మరుసటి నెల సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే అది ఈనాటికీ అమలులో ఉంది. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా వచ్చాయి. ఈ తలుపులన్నింటిలో నుండి మన ఆడపిల్లలు లోపలికి నడిచారు.

అయితే చదువు తరువాత ఏమైంది? కేంద్ర ప్రభుత్వం జరిపే శ్రామిక శక్తి సర్వేలలో ప్రధాన మత సమూహాలన్నింటిలోకీ ముస్లిం స్త్రీల భాగస్వామ్యమే అతి తక్కువగా కనబడుతున్నది. అంటే బడి గుమ్మం, కళాశాల గుమ్మం దాటిన బిడ్డ కార్యాలయం గుమ్మం దగ్గర ఆగిపోతున్నది. ఆమెను అక్కడ ఆపుతున్నది ఏమిటని వారినే అడిగినప్పుడు మాకు వినిపించిన మాటలు నాలుగు రకాలు. వాటిని ఈ సభ ముందు ఉంచుతున్నాము.

మొదటిది కాలం గురించిన భయం. డిగ్రీ మూడవ సంవత్సరంలో ఉన్న మగపిల్లవాడిని "తరువాత ఏం చేస్తావు?" అని అడుగుతారు. అదే సంవత్సరంలో ఉన్న ఆడపిల్లను అడగరు, సంబంధాలు చూడడం మొదలుపెడతారు. పోటీ పరీక్షకు కనీసం ఏడాది, రెండేళ్ళు కూర్చోవాలి. ఆ ఏడాది తనకు దొరుకుతుందో లేదో తెలియని పిల్ల దేనికని సిద్ధపడుతుంది? "అంకుల్, నోటిఫికేషన్ ముందు వస్తుందో, నిశ్చితార్థం ముందు వస్తుందో తెలియదు" అని ఒక విద్యార్థిని నవ్వుతూ అన్నది. ఆ నవ్వులో మాకు నవ్వు కనబడలేదు.

రెండవది ఇంటి మగపిల్లలతో వచ్చిన వ్యత్యాసం. ఈ మాట బహిరంగంగా చెప్పుకోవడానికి మనకు మొహమాటం, అయినా చెప్పక తప్పదు. మన ఇళ్ళలో చాలామంది మగపిల్లలు పదవ తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆపి మెకానిక్ షెడ్డుకు, వెల్డింగ్ పనికి, బట్టల దుకాణానికి, గల్ఫ్ దేశాలకు వెళ్ళిపోతున్నారు. వారి కష్టం మీదనే చెల్లెలు చదువుకుంటున్నది. ఆ చెల్లెలికి కృతజ్ఞత ఉంది, దానితోపాటు అపరాధ భావం కూడా ఉంది. "భాయీజాన్ చదువు ఆపేసి నా ఫీజు కట్టాడు, నేను పెద్ద ఉద్యోగం కోరుకుంటే ఏమనుకుంటాడో" అన్నది ఒక వైపు. "నేను ఎం.ఎస్సీ. చేస్తే నాకు సరిజోడు ఎక్కడ దొరుకుతాడు, అబ్బాకు తలనొప్పి అవుతుంది" అన్నది రెండో వైపు. ఎక్కువ చదివితే సంబంధం దొరకదన్న మాట మనం ఎంత తేలికగా అంటామో, ఆ మాట వారి మీద అంత బరువుగా పడుతుంది. దీనికి పరిష్కారం ఆడపిల్లను తగ్గించడం కాదు, మగపిల్లవాడిని చదివించడం. చెల్లెలి డిగ్రీని అన్న ఇంటర్‌తో సరిచేయడానికి ఆమెను దించితే ఆ ఇంట్లో ఇద్దరూ దిగినట్టే.

మూడవది బయటి ప్రపంచం తమను ఎలా చూస్తుందోనన్న సందేహం. బురఖాతో, హిజాబ్‌తో ఇంటర్వ్యూకు వెళితే ఏమంటారు? పేరు చూడగానే ముఖం మారుతుందా? ఈ భయం ఊహ కాదు. 2022లో కర్ణాటకలో హిజాబ్ కారణంగా ఆడపిల్లలు కళాశాల గేట్ల బయట నిలబడిన దృశ్యాలు మన పిల్లలందరూ ఫోన్లలో చూశారు. ఆ వ్యాజ్యంలో అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. ప్రశ్న ఇంకా తేలలేదు. ఆ పిల్లలు మన రాష్ట్రం వారు కాకపోయినా ఆ గేటు మన పిల్లల మనసులో కూడా నిలబడి ఉంది. అందువల్ల కొందరు బిడ్డలు తమకు ఇష్టమైన రంగాన్ని వదిలి, ఎవరూ ఏమీ అనని చోటు వెతుక్కుంటున్నారు. అది వారి పిరికితనమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. మతాన్ని బట్టి, స్త్రీపురుష భేదాన్ని బట్టి ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణ చెబుతున్నది. ఆ అధికరణ తనకోసం వ్రాసినదేనని నమ్మకం కలిగించవలసిన బాధ్యత ప్రభుత్వానిది, దానిని అడగవలసిన బాధ్యత మనది.

నాలుగవది ఒంటరితనం. ఇంట్లో, వీధిలో, బంధువులలో ఆ ఉద్యోగం చేసిన స్త్రీ ఒక్కరూ కనబడకపోవడం. డాక్టరు కొడుకుకు డాక్టరు కావడం ఎలాగో ఎవరూ చెప్పనక్కరలేదు. తొలి తరం చదువుకున్న ఆడపిల్లకు కంపెనీ సెక్రటరీ అంటే ఏమిటో, క్లాట్ పరీక్ష ఎప్పుడు వ్రాయాలో, నెట్ పరీక్షకూ ఫెలోషిప్‌కూ సంబంధం ఏమిటో చెప్పేవారు లేరు. తెలియనిదాన్ని కోరుకోవడం ఎవరికైనా కష్టమే. కాబట్టి కళ్ళ ముందు కనబడిన ఒకే ఒక్క ఉద్యోగస్తురాలైన తన టీచరమ్మనే ఆమె తన భవిష్యత్తుగా చెబుతుంది.

ఈ నాలుగు మాటలు విన్న పెద్దలు కొందరు మాతో అంటారు: "మన ఇళ్ళలో ఆడవాళ్ళు పని చేయడం మన పద్ధతి కాదు కదా." వారిని మేము వినయంగా ఒక ప్రశ్న అడుగుతాము. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టినది ఎవరు? హైదరాబాద్ పాతబస్తీలో లాడ్ బజారు గాజులకు రాళ్ళు అతికినది ఎవరు? మన గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసిన చేతుల్లో మన తల్లుల చేతులు లేవా? ఇంట్లో కుట్టు మిషను తొక్కి, మగ్గం మీద జరీ పని చేసి పిల్లల ఫీజులు కట్టినవారు మన ఆపాలు కాదా? మన ఇళ్ళలో స్త్రీలు ఎప్పుడూ పని చేస్తూనే ఉన్నారు. తక్కువ కూలికి, చీకటి గదిలో, పేరు లేకుండా చేసినప్పుడు అది మన పద్ధతికి అడ్డు రాలేదు. అదే బిడ్డ వెలుతురున్న గదిలో, మంచి జీతానికి, పేరు వ్రాసిన బల్ల ముందు కూర్చుని చేస్తానంటే మాత్రం పద్ధతి గుర్తుకు వస్తున్నది. ఇది ధర్మం కాదు, అలవాటు.

ధర్మం మాటకు వస్తే, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (ర.అ.) మక్కా నగరంలో పేరెన్నికగన్న వర్తకురాలు. దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో ఆమె సరుకుతోనే సిరియా దేశానికి వర్తకానికి వెళ్ళారు. దివ్యఖుర్‌ఆన్ తొలి అవతరణమే చదవమన్న ఆజ్ఞతో మొదలైంది. ఆ ఆజ్ఞలో పురుషులకు వేరు, స్త్రీలకు వేరు అన్న తేడా లేదు. మరొక ముఖ్య విషయం. షరీఅత్ ప్రకారం స్త్రీ సంపాదన ఆమె సొంతం. ఇల్లు నడపవలసిన బాధ్యత భర్తది. ఆమె ఇష్టంతో ఇస్తే అది పుణ్యం, బలవంతంగా తీసుకుంటే అది హక్కు కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఈమధ్య కొత్త రకం సంబంధాలు వస్తున్నాయి. ఉద్యోగం ఉన్న పిల్లే కావాలంటారు, కానీ జీతం కార్డు అత్తగారి చేతిలో ఉండాలంటారు. ఉద్యోగం వద్దనడం ఎంత తప్పో, ఆమె ఉద్యోగాన్ని కట్నంలా లెక్కవేయడం అంతే తప్పు. మన బిడ్డల భయాలలో ఇది కూడా ఒకటి, వారు పైకి చెప్పరు.

ఇక దారి చూపినవారు లేరా అంటే ఉన్నారు. సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి ఎవరు? అన్ని మతాలలోకీ, అన్ని రాష్ట్రాలలోకీ తొలి మహిళ కేరళకు చెందిన ముస్లిం స్త్రీ, జస్టిస్ ఫాతిమా బీవి. సైన్సు డిగ్రీ చదివిన ఆమె తండ్రి ప్రోత్సాహంతో న్యాయశాస్త్రం వైపు మళ్ళారు. 1950లో న్యాయవాదిగా నమోదై, 1958లో మున్సిఫ్‌గా కింది మెట్టు మీద మొదలుపెట్టి, 1983లో కేరళ హైకోర్టుకు, 1989లో సుప్రీంకోర్టుకు చేరారు. మన పక్కనే నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను డి.ఎస్.పి.గా నియమించింది. బంధువులు ఏమంటారోనన్న మాటలు ఆ ఇంటికీ తప్పలేదు. ఆ మాటలను గుమ్మం బయటే ఆపినవారు ఆమె తండ్రి. ఈ ఇద్దరి పేర్లు చెప్పి ప్రతి బిడ్డా న్యాయమూర్తి, ప్రపంచ విజేత కావాలని మేము అనడం లేదు. ఈ రెండు ఇళ్ళలోనూ ఒక తండ్రి కూతురి వెనుక నిలబడ్డాడన్నది గమనించమంటున్నాము. బిడ్డకు ప్రతిభ అల్లాహ్ ఇస్తాడు. నిలబడవలసింది మనం.

తండ్రుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కూతురిని బయటకు పంపడానికి వెనుకాడే ప్రతి తండ్రీ కఠినుడు కాదు. రాత్రిపూట బస్సు, దూరపు ఊళ్ళో హాస్టల్, తెలియని అధికారి, ఈ కాలపు మాటలు, ఈ కాలపు ఫోన్లు, ఇవన్నీ ఆయన కంటి ముందు తిరుగుతాయి. ఆ భయాన్ని ఎగతాళి చేసి లాభం లేదు. దానికి జవాబు కావాలి. జవాబులు కొన్ని చట్టంలోనే ఉన్నాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం నిర్దేశించింది. ప్రసూతి సెలవు 26 వారాలని 2017లో చట్టం సవరించారు. బిడ్డ ఉద్యోగంలో చేరబోయే చోట ఆ కమిటీ ఉందా, ఇంటికి చేరే వాహనం ఉందా, తోటి స్త్రీలు ఎంతమంది ఉన్నారు అని తండ్రి స్వయంగా వెళ్ళి కనుక్కోవచ్చు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు నీళ్ళ కుళాయి వస్తుందో లేదో చూస్తాము కదా, ఇదీ అంతే. చూసిన తరువాత వద్దనుకుంటే అది నిర్ణయం. చూడకుండానే వద్దంటే అది భయం ఒక్కటే.

ఇప్పుడు కాగితాల సంగతి. కార్యాలయంలో దశాబ్దాలు ఫైళ్ళు చూసినవారిగా దీనిని వదలలేము. ఎన్నో ఉద్యోగాలు పరీక్షలో కాదు, ధ్రువపత్రాల పరిశీలనలో పోతాయి. మన పిల్లల పేర్లు చూడండి. పదవ తరగతి పత్రంలో "ఎస్.కె.", ఆధార్‌లో "షేక్", డిగ్రీ మెమోలో ఇంటిపేరు ముందు, కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు వెనుక. ఒకచోట "బేగం" ఉంటుంది, మరొకచోట ఉండదు. ఇంగ్లీషు అక్షరాల్లో షేక్ అన్న ఒక్క మాటనే మూడు నాలుగు రకాలుగా వ్రాస్తారు. పెళ్ళి అయ్యాక భర్త పేరు చేరి చిక్కు రెట్టింపు అవుతుంది. పదవ తరగతి పత్రంలో ఏ పేరు ఏ అక్షరాలతో ఉందో, మిగిలినవన్నీ దానికి సరిపోయేటట్టు ఇంటర్‌లో ఉండగానే దిద్దించండి. రెండవది, బి.సి.-ఇ ధ్రువపత్రంతోపాటు క్రీమీలేయర్ కాదన్న పత్రం అడిగే చోట్లు ఉన్నాయి. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. మూడవది, రాష్ట్ర జాబితాలో బి.సి. అయినంత మాత్రాన కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నట్టు కాదు. బ్యాంకు, రైల్వే, కేంద్ర విశ్వవిద్యాలయాల దరఖాస్తులు నింపే ముందు మన తరగతి ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలవారు బి.సి.-ఇ లోకి రారు. అర్హత ఉన్నవారికి 2019లో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా ఉంది. నాలుగవది, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ నియామకాలలో మూడవ వంతు స్త్రీలకు ఉద్దేశించినది. బి.సి.-ఇ వాటాలోనూ స్త్రీల వంతు ఉంటుంది. మన బిడ్డలు దరఖాస్తే పెట్టకపోతే ఆ వంతు మన సమాజానికి దక్కదు. ఐదవది, నీట్ వంటి పరీక్షలకు సంప్రదాయ దుస్తులతో వెళ్ళేవారు తనిఖీ కోసం ముందుగా రావాలని నిబంధన. రావద్దని కాదు. ఆ తేడా తెలియక పరీక్షే మానుకున్న బిడ్డ ఉండకూడదు.

ప్రభుత్వాలను కూడా మనం అడగాలి. పీహెచ్.డి. చేసే మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం ఆపివేసింది. తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు చదివే మైనారిటీ ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ పేరుతో ఉపకార వేతనాలు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయవలసిందిగా 2024లో ఉత్తర్వు వెలువడింది. పరిశోధన చేయాలని ఉన్నా ఇంట్లో చెప్పలేకపోయిన ఎమ్మెస్సీ బిడ్డ గురించి మొదట చెప్పాము. ఫెలోషిప్ ఉన్న రోజుల్లో ఆమె "మీకు ఖర్చు ఉండదు అబ్బా" అని ధైర్యంగా అడగగలిగేది. ఇప్పుడు ఆ మాట కూడా ఆమె చేతిలో లేదు. బోధన రుసుముల బకాయిలు సకాలంలో విడుదల కాకపోవడంతో ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలల్లోనే ఉండిపోతున్న బిడ్డలు మా దగ్గరకు వస్తూనే ఉంటారు. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి బిడ్డ ఏడాది పోకూడదు.

ఇంకొక సంగతి ఆలోచించండి. తెలంగాణలో 2014లో 51 వేల రూపాయలతో మొదలైన షాదీ ముబారక్ సాయం తరువాత లక్షా నూట పదహారు రూపాయలైంది. పేద తండ్రికి అది నిజంగా ఊరట, మేము కాదనము. పెళ్ళికూతురికి 18 ఏళ్ళు నిండాలన్న నిబంధన మేలు కూడా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన షాదీ తోఫాలో వధూవరులిద్దరూ పదవ తరగతి పాసై ఉండాలన్నారు. అదీ మంచి ఆలోచనే. కానీ డిగ్రీ పాసై, పెళ్ళికి ముందు ఒక్క ఏడాది పోటీ పరీక్షకు కూర్చుంటానన్న ఆడపిల్లకు ఊళ్ళోనే వసతి, శిక్షణ, చేతి ఖర్చు ఇచ్చే పథకం ఏది? పెళ్ళి రోజు ఖర్చుకు సాయం అడిగిన మనమే ఈ ఏడాది ఖర్చుకు కూడా అడగాలి. జిల్లా కేంద్రానికి ఒకటి చొప్పున మైనారిటీ ఉద్యోగార్థినుల వసతి గృహం, అందులోనే గ్రంథాలయం, శిక్షణ కావాలని ప్రతి శాసనసభ్యుడికీ వినతిపత్రం ఇద్దాము.

ప్రభుత్వం చేసేదాకా ఆగనవసరం లేని పనులు కూడా ఉన్నాయి.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగానే "నీకేం కావాలని ఉంది?" అని అడగండి. అడిగి, ఆ వెంటనే జవాబు మీరే చెప్పకండి. డిగ్రీ తరువాత కనీసం రెండేళ్ళు ఆమెవని ముందే మాట ఇవ్వండి. ఆ మాట ఉందని తెలిస్తే మొదటి సంవత్సరం నుండే ఆమె చదివే తీరు మారుతుంది. సంబంధం కుదిరినప్పుడు చదువు, ఉద్యోగం గురించి నోటిమాటతో సరిపెట్టకండి. నికాహ్ ఒప్పందం. ధర్మసమ్మతమైన షరతులను నికాహ్‌నామాలో వ్రాయించుకునే వీలు ఉంది. చదువు కొనసాగిస్తుంది, ఉద్యోగం చేస్తుంది, సంపాదన ఆమెది అని రెండు వాక్యాలు వ్రాయించండి. ఖాజీగారు కాదనరు. కాదన్న వియ్యంకుడి మనసు ముందే తెలుస్తుంది, అదీ మంచిదే.

మస్జిద్ కమిటీల పెద్దలారా, జుమా ప్రసంగంలో ఏడాదికి నాలుగుసార్లయినా ఆడపిల్లల చదువు, కొలువు గురించి చెప్పించండి. మీ మహల్లాలో ఉద్యోగాలు చేస్తున్న స్త్రీల జాబితా తయారు చేయండి. నర్సు, బ్యాంకు గుమాస్తా, ఇంజనీరు, వకీలు, అంగన్‌వాడీ కార్యకర్త, ఎవరైనా సరే. నెలకు ఒకసారి వారిని విద్యార్థినుల మధ్య కూర్చోబెట్టండి. ఒంటరితనానికి అంతకన్నా మందు లేదు. పక్క వీధి నర్సమ్మ "నేను నైట్ డ్యూటీకి ఇలా వెళ్ళివస్తాను" అని చెప్పిన పది నిమిషాలు మా ప్రసంగాలు పదింటికన్నా మేలు చేస్తాయి.

అన్నలారా, తమ్ముళ్ళారా, మీ చెల్లెలి హాల్ టికెట్ కోసం మీరు నెట్ సెంటర్‌లో నిలబడుతున్నారు, మాకు తెలుసు. ఆమె మీ మీద గౌరవంతోనే మాట దాచుకుంటున్నది. "నువ్వు చదువు, నేనున్నాను" అన్న ఒక్క మాట మీ నోటి నుండి రావాలి. మీ చదువు కూడా ఆగిన చోట నుండి మళ్ళీ మొదలుపెట్టండి. దూరవిద్య, ఓపెన్ స్కూల్ ఉన్నాయి, వయసు అడ్డం కాదు.

చివరగా బిడ్డలారా, మీతో ఒక మాట. మీ మొదటి జవాబు ఇంటి కోసం, రెండవ జవాబు మీ కోసం అన్నట్టు ఉండనవసరం లేదు. రెండవదాన్నే మీ అబ్బా ముందు, అమ్మీ ముందు చెప్పండి. గొంతు పెంచనక్కరలేదు, కన్నీళ్ళు పెట్టనక్కరలేదు. కాగితం మీద వ్రాసుకుని వెళ్ళండి: ఏ ఉద్యోగం, ఏ పరీక్ష, ఎంత కాలం, ఎంత ఖర్చు, ఎక్కడ ఉండాలి, ఎలా వెళ్ళి రావాలి. కోరిక అని చెబితే పెద్దలు భయపడతారు. లెక్క చూపితే ఆలోచిస్తారు. ఒకసారి వద్దన్నా మళ్ళీ చెప్పండి. టీచరు కావాలనే మీ మనసులో ఉంటే అదీ గర్వంగా చెప్పండి. ఇంట్లోనే ఉండి పిల్లలను తీర్చిదిద్దాలని ఉంటే దానినీ ఎవరూ తక్కువ చేయరాదు. ఏదైనా సరే, అది మీరు ఎంచుకున్నదై ఉండాలి. ఎవరో ఒప్పుకున్నంత మేరకు మిగిలినదై ఉండరాదు.

మన సమాజం ఇంతకాలం ఆడపిల్లను చదివించడమే గొప్ప అనుకున్నది. నిన్నటికి అది గొప్పే. ఈనాడు ఆమె డిగ్రీ పట్టా పెట్టెలో బట్టల కింద ఉండిపోతే ఆ చదువుకు పెట్టిన తల్లి కుట్టుకూలీ, అన్న గల్ఫ్ చెమట సగంలోనే ఆగిపోయినట్టు. ఈ సభ ముగిసి ఇళ్ళకు వెళ్ళిన తరువాత, ఈ రాత్రి భోజనాల వేళ ప్రతి ఇంట్లోనూ ఆ ఒక్క ప్రశ్న అడగండని మా విన్నపం. జవాబు వినేంత ఓర్పును అల్లాహ్ మనకు, జవాబు చెప్పేంత ధైర్యాన్ని మన బిడ్డలకు ప్రసాదించుగాక. ఆమీన్.